చలి చెడ్డది, వేడి మంచిదా? ఫాంటసీ రచనలో అపోహలు - వాస్తవాలు

అపోహ: మంచు దుష్టశక్తికి, నిప్పు ప్రాణానికి గుర్తు.

వాస్తవం: చలిదేశాల పురాణాలే ఈ మాట ఒప్పుకోవు. నార్స్ (పాత స్కాండినేవియా) కథల్లో నిఫ్ల్‌హైమ్ అనే లోకపు మంచూ ముస్పెల్‌హైమ్ అనే నిప్పులోకపు వేడీ కలిసిన చోటే తొలి ప్రాణి ఇమిర్ పుడతాడు. ప్రళయానికి ముందు, మధ్యలో వేసవే లేకుండా మూడు శీతాకాలాలు వస్తాయి, నిజమే. కానీ లోకాన్ని తగలబెట్టేది సుర్ట్ అనే రాక్షసుడి నిప్పు. ఇటలీ కవి డాంటే తన కావ్యంలో వర్ణించిన నరకంలో మాత్రం అట్టడుగున, తొమ్మిదో వలయంలో, ఉన్నది గడ్డకట్టిన సరస్సు. అది ద్రోహులకు.

తెలుగులో రాసేవారికి ఇంకో చిక్కుంది. "నీ కడుపు చల్లగా" అని దీవించే భాష మనది. అసూయ కడుపుమంట, ఆకలి కడుపులో మంట. "రాణి చల్లగా చూసింది" అని రాస్తే పాఠకుడికి కనిపించేది దయ. క్రూరత్వం కావాలంటే 'చల్లన' పక్కనపెట్టి చలి, వణుకు, కొరికే గాలి, గడ్డకట్టడం వాడండి. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్లే చాలా మంచురాణులు తెలుగులో భయపెట్టరు.

అపోహ: చలికి చచ్చేవాడు ఆఖరిదాకా వణుకుతాడు.

వాస్తవం: వణుకు అంటే ఒళ్ళు ఇంకా పోరాడుతోందని. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే మాట ముద్దవుతుంది, వేళ్ళు ముడి విప్పలేవు. సుమారు 32 దాటి దిగేకొద్దీ వణుకు ఆగిపోతుంది. చివర్లో కొందరు ఒళ్ళు కాలిపోతోందనుకుని బట్టలు విప్పేస్తారు. మంచు మాయలో పడిన పాత్ర "ఇప్పుడు వెచ్చగా ఉంది" అంటే, తెలిసిన పాఠకుడి గుండె జారుతుంది. ఇంతకన్నా బలమైన ప్రతీక కల్పించడం కష్టం.

అపోహ: మంచు చంపుతుంది, అంతే.

వాస్తవం: తాజా మంచు గాలిని పట్టి ఉంచుతుంది, అందుకే వేడిని బయటికి పోనివ్వదు. తుఫానులో మంచు తవ్వుకుని దూరినవాడు బతకవచ్చు. శత్రువు ఒడిలోనే ఆశ్రయం!

అపోహ: ప్రతీకను ఎన్నిసార్లు చూపితే అంత బలం.

వాస్తవం: విలన్ అడుగుపెట్టిన ప్రతిసారీ గది చల్లబడితే మూడోసారికి అది తలుపు గంటతో సమానం. రాతప్రతిలో చలి మాటలకు ఒక రంగు, వేడి మాటలకు మరో రంగు పూయండి. తీసేసినా సన్నివేశం నిలబడే చోట కొట్టేయండి. మంత్రగాడు నిప్పు పుట్టిస్తే ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చిందో తేల్చండి. చుట్టూ ఉన్నవాటి నుంచి లాగాడంటే, పక్కన నిలబడ్డ స్నేహితుడి వేళ్ళు మొద్దుబారాలి. ఇక విలన్ వచ్చినా గది చల్లబడని సన్నివేశం ఒక్కటి రాయండి. పాఠకుడు అతణ్ణి గుర్తుపట్టేసరికి ఆలస్యమైపోతుంది.