రంగు అద్దాలు, కదిలే అక్షరాలు

చేతిలోని పుస్తకాన్ని కాస్త దూరంగా పట్టుకొని, కళ్లు సగం మూసి చూస్తే అక్షరాలు చెరిగిపోయి, పేజీ అంతా నలుపు తెలుపు చారలుగా మిగులుతుంది. చాలామందికి ఆ చారలతో ఇబ్బంది ఉండదు. కొందరికి మాత్రం, ముఖ్యంగా పార్శ్వపు తలనొప్పితో (మైగ్రేన్) బాధపడేవారికి, అవి కదులుతున్నట్టు, మెరుస్తున్నట్టు, మధ్యలో లేని రంగులు పుడుతున్నట్టు కనిపిస్తాయి. మెదడులో చూపుకు సంబంధించిన భాగం అతిగా ఉత్తేజితం కావడమే దీనికి మూలమనీ, తగిన రంగు అద్దం ఆ ఉత్తేజాన్ని తగ్గిస్తుందనీ బ్రిటన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఆర్నాల్డ్ విల్కిన్స్ వాదించారు. ఆయనకు ముందే, 1983లో, అమెరికాకు చెందిన హెలెన్ ఇర్లెన్ చదవడంలో ఇబ్బంది పడేవారికి రంగు కటకాలను ప్రతిపాదించారు.

రంగు చదువును బాగుచేస్తుందా అన్నది తేల్చడం అనుకున్నంత సులువు కాదు. తనకు నచ్చిన రంగు అద్దం పెట్టుకున్న బిడ్డ, ఆ ఉత్సాహంతోనే నాలుగు మాటలు ఎక్కువ చదవవచ్చు. అందుకే విల్కిన్స్ బృందం 1994లో ప్రచురించిన పరీక్షలో ఒక్కొక్కరికి దాదాపు ఒకేలా కనిపించే రెండు జతల అద్దాలు ఇచ్చి, వాటిలో సరైన రంగు ఏదో పిల్లలకు తెలియకుండా చూసింది. సరైన రంగు ఉన్న రోజుల్లో కంటి అలసట, తలనొప్పి తగ్గినట్టు పిల్లల డైరీల్లో నమోదైంది. అయితే చివరిదాకా డైరీ రాసినవారు 36 మందే. ఇంత చిన్న సంఖ్య మీద పెద్ద నమ్మకం పెట్టుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం. అక్షరాలు, మాటలు చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా అనే లోపానికి రంగు అద్దాలు చికిత్స అనడానికి ఆధారాలు లేవని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, నేత్రవైద్య సంఘాలతో కలిసి 2009లో ప్రకటించింది.

రంగు నిస్సందేహంగా మేలు చేసే చోట్లు మాత్రం ఉన్నాయి. పుట్టుకతోనే రంగులు తెలియని అక్రొమటాప్సియాలో, కంటిలో రంగులనూ పగటి వెలుగునూ చూసే శంకు కణాలు పనిచేయవు. మసక వెలుతురు కోసం ఉన్న దండ కణాలే పగటి చూపు భారమంతా మోయాలి. ఎండలో అవి తట్టుకోలేవు కాబట్టి ఈ లోపం ఉన్నవారు బయటికి వస్తే కళ్లు తెరవలేరు. దండ కణాలు ముదురు ఎరుపుకు దాదాపు స్పందించవు గనుక, ఎరుపును మాత్రమే లోపలికి రానిచ్చే అద్దం పెడితే వాటి మీద పడే భారం తగ్గి, ఆ మనిషి మధ్యాహ్నం వీధిలో తల ఎత్తి నడవగలుగుతాడు. మిణుకుమిణుకుమనే వెలుగుకు మూర్ఛ వచ్చేవారి సంగతి వేరు. ఇటలీలో 610 మందిపై పరీక్షించి 2006లో ప్రకటించిన ఫలితాల్లో, జీస్ సంస్థ తయారుచేసిన జడ్1 అనే నీలి కటకం అత్యధికుల మెదడులో వెలుగుకు పుట్టే అసాధారణ స్పందనను పూర్తిగా ఆపింది, లేదా బాగా తగ్గించింది.

ఈ రెండింటిలోనూ ఏ కాంతిని, ఎందుకు ఆపాలో ముందే తెలుసు. చదువు విషయంలో ఆ స్పష్టత ఇంకా రాలేదు. కాబట్టి అక్షరాలు కదులుతున్నాయని బిడ్డ చెబితే, ఖరీదైన రంగు అద్దాల కంటే ముందు పూర్తి కంటి పరీక్ష చేయించాలి. ఆ పరీక్షలో కలం మొనను మెల్లగా ముక్కు దగ్గరికి తెస్తూ చూడమంటారు. మొన ఇంకా దూరంగా ఉండగానే ఒక కన్ను పక్కకు జారిపోయి, మొన రెండుగా కనిపిస్తే, రెండు కళ్లూ దగ్గరి వస్తువుపై కలిసి నిలవడం లేదన్నమాట. అలాంటి బిడ్డకు అవసరమైనది, వైద్యుల పర్యవేక్షణలో కొన్ని వారాల పాటు చేయించే కంటి వ్యాయామం.