ఎమర్జెన్సీ కాల్ అయ్యాక ఫైర్, 108 వాళ్ల పక్కన ఎవరుంటారు?

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, పడవల్లో తిరుగుతున్న సిబ్బందికి మేం పులిహోర పొట్లాలు పంచాం. ఒక ఫైర్‌మన్ పొట్లం విప్పి, మళ్లీ మడిచేశాడు. వేళ్లు నీళ్లలో నాని తెల్లగా ముడతలు పడ్డాయి. "ఆకలిగా లేదా తమ్ముడూ?" అన్నాను. "మేడ మీంచి ఒకావిడ పిలుస్తూనే ఉందన్నా. పడవ నిండిపోయి వచ్చేశాం" అన్నాడు. అతని పక్కన అరగంట కూర్చున్నాను, అంతే.

కొన్ని దేశాల్లో ఇలా పక్కన కూర్చునే పనికే ఒక మనిషి ఉంటాడు. అతన్ని చాప్లిన్ అంటారు, ఎక్కువగా మతగురువే. నాలుగో శతాబ్దంలో సెయింట్ మార్టిన్ చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన పైవస్త్రం సగం కోసి ఇచ్చాడని కథ. ఆ వస్త్రాన్ని కాపాడిన పూజారుల నుంచే ఈ మాట పుట్టింది. తర్వాత సైన్యాలకూ ఆసుపత్రులకూ ఫైర్ స్టేషన్లకూ పాకింది. 2001 సెప్టెంబరు 11 ఉగ్రదాడి రోజు న్యూయార్క్ అగ్నిమాపక దళం చాప్లిన్ ఫాదర్ మైకల్ జడ్జ్ తన వాళ్ల వెంటే వెళ్లి చనిపోయారు. ఆ రోజు మృతుల జాబితాలో మొదటి నంబరు ఆయనదే. మన సైన్యంలోనూ ఇలాంటి పనికి పండిత్, మౌల్వీ, సిక్కుల గ్రంథి, పాద్రీ ఉన్నారు.

మరి మన ఫైర్, 108 వాళ్లకు? ఉమ్మడి రాష్ట్రంలో 108 మొదలైంది 2005లో. డ్రైవర్‌ని పైలట్ అని గౌరవంగా పిలుస్తాం, కానీ యాక్సిడెంట్ కేసు దించేసి బండి కడుక్కునేటప్పుడు అతన్ని పలకరించేవాళ్లు ఉండరు. 2020 ఆగస్టు 9న విజయవాడలో కొవిడ్ రోగులున్న హోటల్లో మంటలు లేచి 10 మంది చనిపోయారు. అక్కడికి వెళ్లిన సిబ్బంది ఆ రాత్రి ఎలా నిద్రపోయారో ఎవరైనా అడిగారా? మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేయడానికి 2022లో వచ్చిన ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 మంచిదే. కానీ పై అధికారికి తెలుస్తుందేమోనన్న భయమున్న మనిషి అంత తేలిగ్గా ఫోన్ తీయడు.

ఒకప్పుడు ఘోరం చూసిన సిబ్బందిని వెంటనే కూర్చోబెట్టి అంతా చెప్పించాలనే పద్ధతి ఉండేది. దాన్ని 1983లో జెఫ్రీ మిచెల్ అనే అమెరికా మానసిక నిపుణుడు ప్రచారంలోకి తెచ్చాడు. ఒక్కసారి అలా చెప్పించినంత మాత్రాన మేలు జరగదని, బలవంతం చేయకూడదని తర్వాతి పరిశీలనల్లో తేలింది. అందుకే నా దృష్టిలో, మన దగ్గర ఇలా సిబ్బంది పక్కన కూర్చోవడానికి వచ్చే వాలంటీర్‌కి మొదటి నియమం గుచ్చి గుచ్చి అడక్కపోవడం. మతం గురించి మాట్లాడకూడదు, విన్నది అధికారుల దాకా పోనివ్వకూడదు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లాలి.

ఆ ఫైర్‌మన్ ఇప్పటికీ డ్యూటీ దిగాక అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. మేడ మీది ఆవిడ సంగతి అతను చెప్పలేదు, నేను అడగలేదు.