సిన్నర్స్ డీల్ మీద గొడవ సరే, 1973లో కత్తెర ఎవరి చేతిలో ఉందో చూశారా

2025లో వచ్చిన వాంపైర్ (రక్తం తాగే పిశాచాల) సినిమా సిన్నర్స్ మాట వస్తే చాలు మళ్ళీ అదే పంచాయితీ, దాన్ని తీసిన నల్లజాతి దర్శకుడు ర్యాన్ కూగ్లర్‌కి 25 ఏళ్ళ తర్వాత సినిమా హక్కులు తిరిగొచ్చేలా వార్నర్ బ్రదర్స్ ఎలా ఒప్పుకుంది, ఫైనల్ కట్ (ఎడిటింగ్‌లో ఆఖరి మాట) కూడా ఆయనకే ఎందుకిచ్చింది, ఇట్లయితే స్టూడియోలు బతికేదెట్లా అని. ఇంకొందరేమో నల్లవాళ్ళ వాంపైర్ సినిమా అంటే నిన్నగాక మొన్న వచ్చిన ఫ్యాషన్ అన్నట్టు మాట్లాడుతున్నారు. పాత డ్రాక్యులా సినిమాలో బేలా లుగోసి, ఆయన నల్ల కోటు అందరికీ తెలిసిందే, అవి వదిలేద్దాం.

1972లో అమెరికన్ ఇంటర్నేషనల్ పిక్చర్స్ అని చవగ్గా సినిమాలు చుట్టేసే కంపెనీ బ్లాక్యులా తీసింది. మొదటి స్క్రిప్టులో హీరో పేరు ఆండ్రూ బ్రౌన్, అంటే తెల్లవాళ్ళు నల్లవాళ్ళలా గొంతు మార్చి నవ్వించిన ఆమోస్ అండ్ ఆండీ రేడియో షోలో పాత్ర పేరే. హీరోగా వేసిన విలియం మార్షల్ అంటే షేక్‌స్పియర్ నాటకంలో ఒథెల్లో వేసిన మనిషి, ఊరుకుంటాడా, పట్టుబట్టి పాత్రని మామువాల్డే అనే ఆఫ్రికా రాకుమారుడిగా మార్పించాడు. 1780లో బానిసల వ్యాపారం ఆపడానికి సాయం చెయ్యమని డ్రాక్యులా కోటకి వెళ్తే, ఆ దొర అవమానించి కొరికి, తన పేరులోంచే బ్లాక్యులా అని ఓ పేరు తగిలించి శవపెట్టెలో పడేస్తాడు. బానిసకి యజమాని పేరు పెట్టినట్టే కదా. సినిమా బాగా ఆడింది. (అదే సినిమాలో బ్లాక్యులా చేతిలో మొదట చచ్చేది గే జంట, వాళ్ళని చూపించిన తీరు మాత్రం ఇవాళ చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది.)

అసలు కథ ఆ మరుసటేడు నడిచింది. ఇంకో బ్లాక్యులా లాంటిది కావాలని ఓ చిన్న నిర్మాణ సంస్థ రచయిత, దర్శకుడు బిల్ గన్‌ని పిలిచింది. ఆయన తీసుకెళ్ళి చేతిలో పెట్టింది గంజా అండ్ హెస్ (రెండూ పాత్రల పేర్లే), కోరలు లేవు, కోటలు లేవు, రక్తం ఒక వ్యసనం, హీరో ఓ డబ్బున్న ఆంత్రపాలజిస్ట్ (మానవ శాస్త్రవేత్త), ఆ పాత్ర డ్వేన్ జోన్స్ చేశాడు, మధ్యలో చర్చి పాటలు. ఫ్రాన్స్‌లో జరిగే కాన్స్ చిత్రోత్సవంలో క్రిటిక్స్ వీక్ అనే విభాగానికి వెళ్ళింది, న్యూయార్క్‌లో మాత్రం నిలబడలేదు, రివ్యూలు చూసి మండిపోయిన గన్ న్యూయార్క్ టైమ్స్‌కి ఉత్తరం రాశాడు, ఏళ్ళ తరబడి పడ్డ కష్టానికి ముక్కూమొహం తెలీని మనిషి ఒక్క మధ్యాహ్నంలో మార్కులు వెయ్యడమేంటని.

తర్వాత సినిమా చేతులు మారింది, కొన్నవాళ్ళు దాదాపు అరగంట పైనే కోసేసి బ్లడ్ కపుల్ అని పేరు మార్చి వదిలారు, గన్ తన పేరు తీసేయించుకున్నాడు. వాళ్ళ వాదన పెట్టిన డబ్బు రావాలి కదా అని, అది సరే. కానీ నటులూ నల్లవాళ్ళే, రచయితా దర్శకుడూ నల్లవాడే, తెర మీద ప్రాతినిధ్యానికి ఏం లోటు లేదు, అయినా సినిమా ఆయనది కాకుండా పోయింది. ఇవాళ ఫైనల్ కట్ ఎందుకు అడిగాడని కూగ్లర్‌ని నిలదీసేవాళ్ళు ఇది చదివి అడిగితే బాగుండేది.

గన్ తీసిన పూర్తి సినిమా మిగిలిందంటే న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఒక ప్రింట్ ఉండబట్టే. అది డీవీడీగా జనం చేతికొచ్చింది 1998లో, గన్ పోయిందేమో 1989లోనే.