పెళ్లి సీడీ ఐఎస్‌ఓలోకి ఎందుకు దిగదు?

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డప్పుడు మా చిన్నమ్మ వాళ్ల బీరువా నీళ్లలో మునిగింది. పట్టుచీరలు ఉతికితే కొన్ని నిలిచాయి. పెళ్లి ఆల్బమ్, మూడు సీడీలు మాత్రం బురదలోనే పోయాయి. ఆ వీడియో తీసినాయన మేడ మీద ఉంచిన పాత కంప్యూటర్లో వాటి కాపీలున్నాయని మాకు ఈమధ్యే తెలిసింది. పెన్‌డ్రైవ్‌లో వేయించుకొస్తే అవి మూడు ఎన్‌ఆర్‌జీ ఫైళ్లు, అంటే ఒక్కో సీడీ మొత్తాన్ని ఒకే ఫైలుగా దాచినవి. విండోస్ వాటిని తెరవనే లేదు. ఒక కంప్యూటర్ షాపులో వాటిని విండోస్ తెరవగలిగే రకమైన ఐఎస్‌ఓగా మార్చిచ్చారు. ఈసారి తెరుచుకుంది గానీ, తలంబ్రాల దాకా రాకముందే బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరింది, నాదస్వరం తెగిపోయింది. "మీ ఒరిజినలే పాడైంది సార్" అన్నాడు షాపాయన. పాడైంది ఒరిజినల్ కాదు, మార్చిన ఫైలు.

ఈ చిక్కు 1980ల నాటిది. సీడీ పాటల కోసం పుట్టింది, ఫైళ్లు పెట్టుకోవడం తర్వాత వచ్చిన ఆలోచన. ఏ కంపెనీ సీడీ అయినా ఏ కంప్యూటర్లోనైనా చదవగలగాలని 1985లో అమెరికాలోని లేక్ తాహో దగ్గర హై సియెర్రా అనే హోటల్లో కంపెనీలవాళ్లు కూర్చుని ఒక ఉమ్మడి పద్ధతికి పని మొదలుపెట్టారు. అదే కొద్ది మార్పులతో 1988లో ఐఎస్‌ఓ 9660 ప్రమాణమైంది. ఫైలు చివర ఉండే ఐఎస్‌ఓ ఆ పేరే. అయితే ఆ ప్రమాణం చెప్పేది డిస్కు మీద ఫైళ్లు ఎలా సర్దాలో. డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా ఎలా దాచాలో అందులో లేదు. దాంతో సీడీ కాపీ చేసే సాఫ్ట్‌వేర్లవాళ్లు ఎవరి దారి వాళ్లు చూసుకున్నారు: సీడీఆర్‌విన్ బిన్ (డిస్కులోని సరుకు), క్యూ (దాని వివరాల చీటీ) జత తెచ్చింది, క్లోన్‌సీడీ తన మూడు ఫైళ్ల కట్ట తెచ్చింది, ఆల్కహాల్ 120% ఎండీఎఫ్, ఎండీఎస్ తెచ్చింది. గేముల సీడీలకు వేసే కాపీ తాళాలను కూడా ఉన్నదున్నట్టు ఎక్కించుకోవాలన్న ఆరాటం ఇందులో కొంత ఉంది. మన స్టూడియోలవాళ్లు ఎక్కువగా నమ్ముకున్నది నీరో. రోమ్ తగలబడుతుంటే ఫిడేలు వాయించాడనే చక్రవర్తి పేరు సీడీలు 'బర్న్' చేసే సాఫ్ట్‌వేర్‌కి పెట్టారు, చమత్కారమే. ఎన్‌ఆర్‌జీ దాని సొంత రకం.

ఇక అసలు సంగతి. సీడీ మీద డేటాను చిన్న చిన్న ముక్కలుగా రాస్తారు, ఒక్కో ముక్కను సెక్టార్ అంటారు. ఒక్కో సెక్టార్ 2352 బైట్లు. డేటా సీడీ అయితే అందులో మన సరుకు 2048. మిగతాది గుర్తులకు, గీత పడితే తప్పు సరిదిద్దుకునే లెక్కలకు. చెనక్కాయ తొక్కతో ఉంటే బిన్, వలిచిన గింజలైతే ఐఎస్‌ఓ అనుకోండి. డేటా సీడీ విషయంలో వలిచినా నష్టం లేదు. మామూలు డేటా సీడీ ఎన్‌ఆర్‌జీ అయితే చాలాసార్లు ముందున్న 3,07,200 బైట్లు వదిలేస్తే ఐఎస్‌ఓ బయటికొస్తుంది. ఆ ముక్క మరేమీ కాదు, ట్రాక్ మొదట్లో ఉండే రెండు సెకన్ల ఖాళీ: సెకనుకు 75 చొప్పున 150 సెక్టార్లు.

పెళ్లి సీడీ మాత్రం వీడియో సీడీ. 1993లో వచ్చిన ఆ పద్ధతిలో, బొమ్మలో ఒక చుక్క తప్పినా కొంప మునగదని తప్పులు సరిదిద్దే లెక్కలు తీసేసి, ఆ చోటు కూడా వీడియోకే ఇచ్చారు. అందుకే సెక్టారుకు 2324 బైట్ల సరుకు పడుతుంది, 74 నిమిషాల డిస్కులో 74 నిమిషాల పెళ్లి ఇమిడింది. ఇక్కడ తొక్క స్థానంలోనూ గింజే ఉంది. షాపులో వాడిన సాఫ్ట్‌వేర్ అలవాటు కొద్దీ 2048 ఉంచుకుని ప్రతి సెక్టారు నుంచి 276 బైట్లు కోసి పారేసింది. సెకనుకు 20,700 బైట్లు పోతే నాదస్వరం ఎలా నిలుస్తుంది?

అయినా అందరూ ఐఎస్‌ఓనే అడగడానికి కారణముంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఐఎస్‌ఓని డబుల్ క్లిక్ చేస్తే చాలు, డ్రైవులా తెరుచుకుంటుంది. సీడీ డ్రైవే లేని ల్యాప్‌టాప్‌ల కాలంలో అదే సులువు.

పెళ్లి వీడియోకు కావాల్సింది ఐఎస్‌ఓ కాదు, లోపలున్న ఎంపెగ్ వీడియో. వీసీడీఇమేజర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని నేరుగా బయటికి తీయొచ్చు. మేం చేసిందీ అదే. 352 × 288 చుక్కల బొమ్మ, ఇప్పటి టీవీలో మసకగానే ఉంది. మీరు కూడా ఎవరి పాత కంప్యూటర్ నుంచైనా తెచ్చుకుంటుంటే ఎన్‌ఆర్‌జీని మార్చకుండా అలాగే అడిగి తీసుకోండి. బిన్ అయితే పక్కనున్న క్యూ ఫైలు కూడా తెచ్చుకోండి, బిన్ పేరు మాత్రం మార్చకండి. ఆ పేరు క్యూ లోపల రాసి ఉంటుంది.