ఫ్లష్ మొండికేసిందా? ముందు సగం బకెట్ నీళ్లు పట్టండి

ఇంటి నిండా చుట్టాలున్న రోజునే ఫ్లష్ పాడవుతుంది, అదేం జాతకమో. మొన్న మా ఇంట్లోనూ అంతే. బటన్ నొక్కితే నీళ్లు దిగాల్సింది పోయి పైకి లేచాయి, అంచుకి నాలుగు వేళ్ల దూరంలో ఆగి, పది నిమిషాలకి మెల్లగా ఇంకాయి. ప్లంబర్‌కి ఫోన్ చేస్తే ఇంకా చూడనైనా చూడకుండానే "కమోడ్ లేపాలి సార్, టైల్స్ పగలొచ్చు" అన్నాడు. ఆ మాటకి టెన్షన్ పడి నేనే కాస్త తెలుసుకుని దిగాను. దిగాక తెలిసిందేంటంటే, ఈ యంత్రంలో కరెంటు లేదు, మోటారు లేదు, ఉన్నదంతా నీళ్ల బరువూ ఒక వంపు గొట్టమూ, అంతే.

జబ్బు ఎక్కడుందో తేల్చడానికి ఒక్క పరీక్ష చాలు. సగం బకెట్, అంటే ఏడెనిమిది లీటర్ల నీళ్లు తీసుకుని (కమోడ్ ఇప్పటికే నిండి ఉంటే అది దిగేదాకా ఆగి) నడుం ఎత్తు నుంచి ఒక్కసారిగా మధ్యలో గుమ్మరించండి. అంతా శుభ్రంగా వెళ్లిపోతే కమోడ్‌కీ కింది పైపుకీ ఏ రోగమూ లేదు, లోపం ట్యాంకులోనో, ట్యాంకు నుంచి నీళ్లు వచ్చే దారిలోనో ఉంది. నీళ్లు పైకి లేచి నానా తంటాలు పడి దిగితే అడ్డం కిందే ఉంది, ట్యాంకుని ఎంత రిపేరు చేసినా ప్రయోజనం లేదు.

ఇదెలా పనిచేస్తుందంటే, కమోడ్ వెనక గొట్టం తిన్నగా కిందికి పోదు. ఏనుగు తొండం పైకెత్తి మళ్లీ దించినట్టు ముందు పైకెక్కి, ఓ గట్టు దాటి, ఆ తర్వాత కిందికి దిగుతుంది. ఆ గట్టు ఎంత ఎత్తుంటే కమోడ్‌లో నీళ్లు ఎప్పుడూ అంత మట్టంలోనే నిలుస్తాయి. మీరు గ్లాసు నీళ్లు పోస్తే గట్టు మీద నుంచి గ్లాసు నీళ్లే అవతలికి పొర్లుతాయి, మట్టం మారదు, ముక్క కదలదు. అదే నీళ్లు ఒక్కపెట్టున వస్తే ఆ తోపుకి లోపలున్నదంతా గట్టు దాటుతుంది. అంటే ఎన్ని నీళ్లన్నది సగం మాటే, ఎంత జోరుగా అన్నది మిగతా సగం. ఇక వంపులో నిలిచిన ఆ నీళ్లు మురుగు కంపు ఇంట్లోకి రాకుండా మూత పెడతాయి. లండన్‌లో గడియారాలు చేసుకునే అలెగ్జాండర్ కమింగ్ అనే స్కాట్లాండ్ ఆయన 1775లో ఇలాంటి వంపు గొట్టంతో ఫ్లష్ కమోడ్‌కి పేటెంట్ తీసుకున్నాడు. అక్కడి నుంచి ఇప్పటిదాకా అసలు సూత్రం మారలేదు.

మన ఇళ్లలో ఎక్కువగా ఉండేవి నీళ్ల తోపుతో పనిచేసే కమోడ్‌లు, వాటి గొట్టం కాస్త వెడల్పు. అమెరికాలో ఎక్కువగా సైఫన్ రకం: సన్నని గొట్టం మొత్తం నీళ్లతో నిండి, స్ట్రా పెట్టి లాగినట్టు కమోడ్‌ని ఖాళీ చేస్తుంది, చివర్లో గాలి దూరి గుర్‌మని చప్పుడు. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ సన్నని గొట్టం తొందరగా పూడుకుంటుంది. అక్కడున్న మనవాళ్ల ఇళ్లకి వెళ్తే ప్రతి బాత్రూంలో ఓ మూల ప్లంజర్ (కర్రకి రబ్బరు టోపీ తొడిగిన పరికరం) కాపలా ఉండేది ఇందుకే. పైగా 1992లో అక్కడ చేసిన చట్టం వల్ల కొత్త కమోడ్‌లు ఫ్లష్‌కి సుమారు 6 లీటర్లకి మించకూడదన్నారు. అంతకుముందు 13 లీటర్లు తాగినవి ఒక్కసారిగా సగానికి దిగేసరికి మొదట్లో వచ్చిన మోడళ్లు జనాన్ని బాగా ఏడిపించాయి.

సరే, బకెట్ పరీక్షలో కమోడ్ పాసయింది, ట్యాంకు మీద అనుమానం. ఇక్కడ అందరూ అనే మాట "పైన ట్యాంకులో ప్రెషర్ లేదండీ". తప్పు. డాబా మీది ట్యాంకు ప్రెషర్‌తో ఫ్లష్ ట్యాంకు ఎంతసేపట్లో నిండుతుందనేదే తేలుతుంది. ఒకసారి నిండాక అది పడే జోరు ఫ్లష్ ట్యాంకు కమోడ్‌కి ఎంత ఎత్తున ఉందన్న దాన్ని బట్టే. ఇటలీ శాస్త్రవేత్త టోరిచెల్లి 17వ శతాబ్దంలోనే చెప్పాడు, నీళ్లు పడే ఎత్తు నాలుగింతలైతే వేగం రెండింతలవుతుందని. పాత ప్రభుత్వ క్వార్టర్లలో తల మీద ఇనప ట్యాంకు, దానికో గొలుసు వేలాడేది గుర్తుందా? 2 మీటర్ల ఎత్తు నుంచి పడే నీళ్లకి లెక్క ప్రకారం సెకనుకి 6 మీటర్ల పైచిలుకు వేగం, అర మీటరు నుంచి పడితే 3 మీటర్ల పైచిలుకు. పైపు రాపిడికి కొంత పోయినా, గొలుసు లాగితే పక్కింటికి వినపడేంత చప్పుడు ఎందుకొచ్చేదో ఇప్పుడర్థమై ఉంటుంది.

కాబట్టి మూత తీసి చూడండి. లోపల నీళ్ల గీత కంటే మట్టం తక్కువుంటే ఫ్లోట్‌ని (నీళ్ల మీద తేలుతూ, నిండగానే నీళ్లు ఆపేది) కొంచెం పైకి జరపాలి, కింద యాంగిల్ కాక్, అంటే ట్యాంకుకి నీళ్లిచ్చే చిన్న కుళాయి, సగమే తెరిచి ఉందేమో కూడా చూడాలి. నీళ్లు ఆదా అవుతాయని లోపల ఇటుక పెట్టిన మహానుభావులుంటే తీసేయండి. ఆ ఎత్తుగడ పాత పెద్ద ట్యాంకులకి సరే గానీ 6 లీటర్ల వాటికి కాదు, పైగా ఇటుక అరిగి ఇసక రాలి ట్యాంకు అడుగున నీళ్లని ఆపే రబ్బరు వాషర్ కింద చేరుతుంది. గోడలో దాచిన ట్యాంకయినా భయపడక్కర్లేదు, బటన్ పలక ఊడదీస్తే చెయ్యి లోపలికి పోతుంది, గోడ పగలగొట్టనక్కర్లేదు.

ట్యాంకు నిండుగా ఉన్నా జోరు లేకపోతే దొంగ మన బోరు నీళ్లే. ఆ నీళ్లలోని కాల్షియం కమోడ్ అంచు కింది చిన్న చిన్న రంధ్రాల్లో తెల్లగా గార కట్టేస్తుంది, రక్తనాళాల్లో కొవ్వులాగా. చిన్న అద్దం అంచు కింద పెట్టి చూస్తే కనబడుతుంది. పాత టూత్‌బ్రష్, వెనిగర్, ఓపిక ఉంటే చాలు. టాయిలెట్ క్లీనర్లు చాలావాటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది కాబట్టి గార ఇంకా తొందరగా కరుగుతుంది, కానీ దానితో బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన బాత్రూంలో అది ప్రాణాల మీదికి తెస్తుంది. ఆ ఆసిడ్‌ని ట్యాంకులోనూ పోయొద్దు, రబ్బర్లు పాడవుతాయి.

రాత్రి అంతా సద్దుమణిగాక ట్యాంకు సన్నగా సీ... అంటోందా? ఎక్కడో కారుతోంది. నిమిషానికి పావు లీటరు కారినా రోజుకి 360 లీటర్లు, మోటారు మాటిమాటికీ వేస్తున్నామని మీరు పక్క వాటావాళ్ల మీద విసుక్కుంటూ ఉంటారు. ట్యాంకులో కాస్త మిఠాయి రంగు కలిపి అరగంట ఫ్లష్ జోలికి పోకండి. కమోడ్‌లోకి రంగు దిగిందంటే ముందు నీళ్లు ఓవర్‌ఫ్లో పైపు (ఎక్కువైన నీళ్లు కమోడ్‌లోకి దిగిపోయే నిలువు గొట్టం) మూతి మీదుగా పొర్లుతున్నాయేమో చూడాలి. పొర్లుతుంటే ఫ్లోట్‌ని చేత్తో పైకెత్తండి. వస్తున్న నీళ్లు ఆగితే ఫ్లోట్ ఎత్తు దించితే చాలు, మట్టం ఓవర్‌ఫ్లో పైపు మూతికి ఓ అంగుళం కిందుండాలి. ఎత్తినా ఆగకపోతే లోపలికి నీళ్లొచ్చే వాల్వ్ పోయింది. మట్టం సరిగ్గానే ఉండి కూడా రంగు దిగితే అడుగున వాషర్ అరిగింది, లేదా దాని కింద గార చేరింది.

మా ఇంట్లో జబ్బు మాత్రం కిందే. ప్లంజర్ వాడేటప్పుడు మనం చేసే తప్పు, కోపంగా కిందికి నొక్కడం. రబ్బరు టోపీ పూర్తిగా నీళ్లలో మునగాలి, ఎందుకంటే గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు, మన బలమంతా అడ్డం దాకా చేరేది నీళ్ల ద్వారానే. మెల్లగా నొక్కి, గట్టిగా పైకి లాగాలి, చాలాసార్లు అడ్డాన్ని కదిలించేది ఆ లాగుడే. సలసల మరిగే నీళ్లు మాత్రం పోయకండి, పింగాణీ పగలొచ్చు. ఇరవై లాగుళ్లకి మాకు బయటపడింది ఏంటనుకున్నారు, సువాసన కోసం అంచుకి తగిలించిన ప్లాస్టిక్ బుట్ట! ఎవరు జారవిడిచారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

ఇంట్లో అన్ని బాత్రూంలూ ఒకేసారి మొరాయిస్తే కమోడ్‌ని తిట్టి లాభం లేదు, బయట మురుగు పైపులు కలిసే ఛాంబర్ మూత తీయించండి. వానాకాలంలో ఇంకుడు గుంత చుట్టూ నేల తడిసి నీళ్లు పీల్చుకోదు, అప్పుడు సెప్టిక్ ట్యాంకు నిండి కింది అంతస్తు వాళ్లకే ముందు ఎదురు తన్నుతుంది. ఇక ఒక చోట ఫ్లష్ చేస్తే పక్కనున్న నహానీ ట్రాప్ (బాత్రూం నేలలో నీళ్లు పోయే జాలీ కింది వంపు) గుడగుడలాడుతుంటే డాబా మీదికి వెళ్లి గాలి గొట్టం చూడండి, పిట్ట గూడో కందిరీగల తుట్టో ఉండొచ్చు. గాలి పై నుంచి రాకపోతే, దిగే నీళ్లు ట్రాప్‌లోంచే గాలిని గుంజుకుంటాయి, దాంతో అందులోని నీళ్ల మూతా పోయి కంపు మొదలవుతుంది. ఊరెళ్లి చాలా రోజులకి తాళం తీయగానే గుప్పుమనే కంపు కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడ నహానీ ట్రాప్‌లో నీళ్లు ఎండిపోయి ఉంటాయి. ఓ చెంబు నీళ్లు పోస్తే సరి, ఈసారి వెళ్లేముందు పైన ఓ చెంచా నూనె వేసి వెళ్లండి, అంత తొందరగా ఆవిరి కావు.