పాత రూమ్‌మేట్ అప్పుకు మిమ్మల్ని నిలదీస్తున్నారా? అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో అప్పుల వసూలు వివాదాలు చూసే న్యాయవాదిని. నా దగ్గరికి వచ్చేవారిలో కొందరిని చూస్తే ఎక్కువ బాధ కలుగుతుంది. వారు ఏ అప్పూ చేయలేదు. అమీర్‌పేటలోనో, ఎస్సార్ నగర్‌లోనో ఒకప్పుడు ఒకే గదిలో ఉన్న స్నేహితుడు అప్పు తీసుకుని, కిస్తీలు ఆపేసి, నంబరు మార్చేశాడు. అతని దరఖాస్తులో వీరి నంబరు ఉంది, అంతే. ఆఫీసులో పరువు పోతుందని, పోలీసులు వస్తారని, ఊళ్లో అమ్మానాన్నలకు తెలుస్తుందని భయపడి ఆ బాకీలో కొంత కట్టేశాక వస్తారు. ఆ భయానికి ఆధారమైన అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ: రిఫరెన్స్‌గా నా పేరు ఇచ్చాడు కాబట్టి నేను పూచీ పడ్డట్టే.

వాస్తవం: కాదు. సహ రుణగ్రహీత, హామీదారు, రిఫరెన్స్ అనేవి మూడు వేర్వేరు స్థానాలు. సహ రుణగ్రహీత అప్పులో భాగస్వామి. హామీదారు 'అతను కట్టకపోతే నేను కడతాను' అని అప్పిచ్చినవారికి మాట ఇచ్చిన మనిషి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత మామూలుగా అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. రిఫరెన్స్‌గా పేరున్నవారు అలాంటి మాట ఏదీ ఇవ్వలేదు. 'ఇతను నాకు తెలుసు' అని చెప్పగలిగిన మనిషి, అంతవరకే. మీకు తెలియకుండా ఎవరో మీ నంబరు రాసుకున్నంత మాత్రాన మీ మీద ఏ ఒప్పందమూ పుట్టదు. అందుకే ఫోన్ చేసినవారిని మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: 'నేను ఒప్పుకున్నట్టు పత్రం ఉందా? ఉంటే నకలు పంపండి.'

అపోహ: సంతకం చేయలేదు కదా, ఫోన్లో ఏం మాట్లాడినా ఫర్వాలేదు.

వాస్తవం: ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. హామీ నోటిమాటగా కూడా ఉండవచ్చని అదే చట్టం 126వ సెక్షన్ చెబుతోంది. 127వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణలు చదివితే ప్రమాదం ఎక్కడుందో అర్థమవుతుంది. ఒకరికి సరుకు అరువు ఇచ్చేసిన తర్వాత ఇంకెవరో ఊరికే వచ్చి 'అతను కట్టకపోతే నేను ఇస్తాను' అంటే, ఆ మాటకు బదులుగా అప్పిచ్చినవారు చేసిందేమీ లేదు, అంటే ప్రతిఫలం లేదు కాబట్టి ఆ మాట చెల్లదు. అదే మనిషి 'ఏడాదిపాటు అతని మీద దావా వేయకండి, అప్పటికీ కట్టకపోతే నేను కడతాను' అని అడిగి, అప్పిచ్చినవారు అందుకు ఒప్పుకుంటే, ఆ ఆగడమే ప్రతిఫలమవుతుంది. హామీ చెల్లుతుంది.

ఇప్పుడు అప్పు వసూలుకు ఫోన్ చేసే ఏజెంటు మాటల తీరు గమనించండి. 'మీరు మంచివారిలా ఉన్నారు. నెల రోజులు ఆపుతాం, ఈలోపు అతను కట్టకపోతే మీరు చూసుకుంటారు కదా?' మొహమాటానికి 'సరే, చూస్తాను' అంటే, ఆ కాల్ రికార్డు అవతల ఉంటుంది. ఆ ఒక్క మాటతో కోర్టులో గెలవడం వారికి తేలిక కాదు. కానీ లేని వివాదాన్ని మీరే తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది. గడువు అడగవద్దు, బేరం ఆడవద్దు, 'కొంచెం కడతాను' అనవద్దు. కొంత సొమ్ము చెల్లిస్తే పేరు తీసేస్తామన్న మాట అసలే నమ్మవద్దు. ఒకసారి కట్టినవారి దగ్గరికే మళ్లీ వస్తారు.

అపోహ: రూమ్‌మేట్ బాకీ ఏదైనా సరే, నాకు సంబంధం లేదు.

వాస్తవం: ఇదీ పూర్తిగా నిజం కాదు. నా దగ్గరికి వచ్చినవారికి ఈ సంగతి చెప్పడం కష్టంగానే ఉంటుంది. అద్దె ఒప్పందం మీద ఇద్దరూ సంతకం చేసి ఉంటే, అది ఉమ్మడి మాట. ఒప్పందంలో వేరేలా రాసుకుంటే తప్ప, కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ప్రకారం ఇంటి యజమాని మొత్తం అద్దె బాకీని మీ ఒక్కరినే అడగవచ్చు. 'నా సగం నేను కట్టేశాను' అన్నది మీకూ మీ స్నేహితుడికీ మధ్య లెక్క. యజమానికి కట్టిన తర్వాత అతని వాటా అతని నుంచి రాబట్టుకునే హక్కు మాత్రం మీకుంటుంది. మీ పేరున తీసుకుని అతనికి వాడుకోవడానికిచ్చిన పోస్ట్‌పెయిడ్ సిమ్, మీ కార్డు మీద ఈఎంఐలో అతని కోసం కొన్న ఫోను, మీ క్రెడిట్ కార్డుకు అనుబంధంగా అతనికి ఇప్పించిన కార్డు, ఇవన్నీ చట్టం దృష్టిలో మీ బాకీలే. గది ఖాళీ చేసేటప్పుడు వీటిని తెంచుకోవాలి. ఒప్పందంలో మీ పేరు తీసివేసినట్టు యజమానితో రాయించుకోవాలి.

అపోహ: వసూలు ఏజెంట్లు ఎవరికైనా, ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

వాస్తవం: బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల తరఫున వసూలుకు వచ్చేవారు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది. మనకు అంతకంటే ముఖ్యమైనది అదే ఆదేశంలోని మరో వాక్యం. అప్పు తీసుకున్నవారి కుటుంబసభ్యుల, రిఫరెన్స్‌గా పేరున్నవారి, స్నేహితుల ఏకాంతంలోకి చొరబడడం, నలుగురిలో అవమానించడం, బెదిరింపు ఫోన్లు, అసభ్య సందేశాలు అన్నీ అందులో నిషిద్ధాలే. అంటే మీలాంటివారిని దృష్టిలో పెట్టుకునే ఆ మాట రాశారు. ఏజెంటు తప్పు చేస్తే బాధ్యత అతన్ని పెట్టుకున్న సంస్థదే.

గది దగ్గరికే వస్తే గుర్తింపు కార్డు, సంస్థ ఇచ్చిన అధికార పత్రం చూపమనండి. లోపలికి రానివ్వవలసిన పని లేదు. మీ వస్తువులు తీసుకుపోయే హక్కు వారికి లేదు. గొడవ చేస్తే 112కు ఫోన్ చేయండి.

అపోహ: డబ్బు కట్టకపోతే నన్ను అరెస్టు చేస్తారు.

వాస్తవం: అప్పు తీర్చలేకపోవడం సివిల్ వివాదం. మోసం, ఫోర్జరీ వంటివి ఉంటేనే క్రిమినల్ కేసు, అదీ చేసినవారి మీద. 'క్రైమ్ బ్రాంచి నుంచి' అంటూ వాట్సాప్‌లో వచ్చే నోటీసులు చూసి జడవకండి. నిందితులకు ఇచ్చే హాజరు నోటీసును వాట్సాప్‌లో పంపకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు పోలీసులను ఆదేశించింది. కోర్టు సమన్లు అంటూ ఏదైనా వస్తే అందులోని 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరును (ప్రతి కేసుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో వెతకండి. నంబరు లేకపోయినా, వెతికితే దొరకకపోయినా అనుమానించండి. కేసు నిజంగా ఉంటే మాత్రం నిర్లక్ష్యం చేయకుండా న్యాయవాదిని కలవండి.

అపోహ: అతను కట్టకపోతే నా సిబిల్ స్కోరు పడిపోతుంది.

వాస్తవం: మీరు సహ రుణగ్రహీతో హామీదారో అయితే తప్ప పడదు. అయినా ఒకసారి నివేదిక తెప్పించుకోమని అందరికీ చెబుతాను. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒక పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. ఒకే గదిలో ఉన్నప్పుడు మీ ఆధార్, పాన్ నకళ్లు అతని చేతికి అంది ఉండవచ్చు. మీరు తీసుకోని రుణం మీ పేరున కనిపిస్తే, వెంటనే బ్యూరోకు, రుణమిచ్చిన సంస్థకు, పోలీసులకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

అపోహ: నంబరు బ్లాక్ చేస్తే సరిపోతుంది.

వాస్తవం: వారు ఇంకో నంబరు నుంచి చేస్తారు. ముందు రాతపూర్వకంగా ఒక్కసారి చెప్పండి. రుణసంస్థ ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ పంపండి: 'ఫలానా వ్యక్తి రుణానికి నేను సహ రుణగ్రహీతను గానీ హామీదారును గానీ కాను. నా సంతకం ఉందంటే పత్రం నకలు పంపండి. లేకుంటే నా నంబరు తొలగించి ఆ విషయం తెలపండి. ఇకపై నాకు ఫోన్ చేయవద్దు.' ఇంతకంటే ఎక్కువ రాయవద్దు. స్నేహితుడి కొత్త చిరునామా, అతని తల్లిదండ్రుల నంబరు ఏజెంటుకు చెప్పవలసిన బాధ్యత మీకు లేదు. ఆఫీసుకు ఫోన్ చేస్తామని బెదిరిస్తే, వారికంటే ముందే మీరే మీ హెచ్‌ఆర్‌కు ఈ ఈమెయిల్ నకలు పంపండి. అప్పుడు ఆ బెదిరింపుకు బలం ఉండదు.

రుణ యాప్‌ల సంగతి వేరుగా చెప్పాలి. 2020 చివర్లో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేసేనాటికే వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవారున్నారు. అప్పు తీసుకున్నవారి ఫోన్లోని కాంటాక్ట్‌ల జాబితాను రుణ యాప్‌లు తీసుకోకూడదని 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిషేధించింది. కాబట్టి మీ నంబరు ఆ జాబితా నుంచే వారికి చేరితే, తప్పు అక్కడే మొదలైంది. ఫొటోలు మార్ఫింగ్ చేస్తామంటే అది వసూలు కాదు, నేరం. సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో లేదా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు చేయండి. భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ బెదిరింపుకు, 308వ సెక్షన్ బెదిరించి డబ్బు గుంజడానికి వర్తిస్తాయి.

మీకు రోజుకు ఇన్ని ఫోన్లు వస్తుంటే, అప్పు తీసుకున్న అతనికి ఎన్ని వస్తుంటాయో ఊహించండి. కోపం న్యాయమైనదే. అయినా అతని జాడ తెలిస్తే ఒకసారి మాట్లాడండి, మానసిక ఒత్తిడిలో ఉన్నవారికి సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 చెప్పండి.

ఇక సాక్ష్యం. చిరాకుతో సందేశాలు తుడిచేయకండి. స్క్రీన్‌షాట్‌లో నంబరు, తేదీ, సమయం కనబడాలి. కాల్ రికార్డింగులు, కాల్ జాబితా వేరేచోట కూడా దాచండి. ఎలక్ట్రానిక్ నకళ్లను కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయాలి. ఆ సందేశాలు వచ్చిన అసలు ఫోను మీ దగ్గరే ఉంటే ఆ పని తేలికవుతుంది. వ్యవహారం తేలేదాకా ఆ ఫోను అమ్మవద్దు, మార్పిడికి ఇవ్వవద్దు.