కోటి రూపాయల టోర్నీలో మన వాటా ఎంత? గోల్ఫ్ ప్రైజ్ మనీ: అపోహలు - వాస్తవాలు

మా మేనమామకు పేపర్లో ఆటల పేజీ వదలకుండా చదివే అలవాటు. ఓ పెళ్లిలో భోజనాల దగ్గర పట్టుకున్నాడు. "ఒరేయ్, మీ టోర్నీ కోటి రూపాయలటగా! ఇల్లెప్పుడు కడుతున్నావు?" అప్పటికి వరసగా మూడు టోర్నీల్లో నాకు ఒక్క రూపాయి రాలేదు. భోజనాల బంతిలో అందరి ముందూ ఆ మాట ఎలా చెప్పను? "చూద్దాం మామయ్యా" అని సాంబారు కలుపుకున్నాను.

ఇరవై ఏళ్లు మన దేశంలో టోర్నీలు తిరిగి, ఇప్పుడు పిల్లలకు ఆట నేర్పుతున్నాను. వాళ్ల అమ్మానాన్నలు అడిగేవి కూడా ఇంచుమించు మామయ్య ప్రశ్నలే.

అపోహ: కోటి రూపాయల టోర్నీ గెలిస్తే కోటి వస్తుంది.

ఆ కోటి మొత్తం పర్స్. అంటే అందరికీ పంచే డబ్బు. మన దేశంలో ప్రొఫెషనల్ టోర్నీలు నడిపే పీజీటీఐలో కోటి పర్స్ ఉంటే విజేత చెక్కు 15 లక్షలు. అమెరికా పీజీఏ టూర్‌లో (టూర్ అంటే ఏడాది పొడవునా సాగే టోర్నీల వరస) మామూలుగా 18 శాతం. 2010లో విండమ్ ఛాంపియన్‌షిప్ గెలిచి, ఆ టూర్‌లో నెగ్గిన మొదటి భారతీయుడైన అర్జున్ అత్వాల్‌కు 51 లక్షల డాలర్ల పర్స్‌లో 9,18,000 డాలర్లు వచ్చాయి. ఆ వారం అతని చేతిలో టూర్ కార్డు, అంటే ఆ టూర్‌లో ఆడే హక్కు, కూడా లేదు. సోమవారం అర్హత పోటీ ఆడి లోపలికొచ్చి, ఆదివారానికి కప్పు పట్టుకెళ్లాడు. మాలో ఈ కథ చెప్పుకోనివాడు లేడు.

మిగతా డబ్బు కింది స్థానాలకు మెట్లు మెట్లుగా దిగుతుంది. పైమెట్లు బాగా ఎత్తు, కిందివి దాదాపు చదును. స్కోరు సమానమైతే ఆ స్థానాల డబ్బంతా కలిపి పంచుతారు. అయిదో స్థానంలో ముగ్గురుంటే 5, 6, 7 స్థానాల మొత్తాన్ని మూడు వాటాలు వేస్తారు. అందుకే చివరి హోల్లో పక్కవాడి పట్ (బంతిని గుంతలోకి దొర్లించే దెబ్బ) పడితే మన జేబు కూడా కాస్త తేలికవుతుంది.

అపోహ: ఆడినవాళ్లందరికీ ఎంతో కొంత ముడుతుంది.

క్రికెట్ మ్యాచ్ ఫీజులకు అలవాటుపడి ఇలా అనుకుంటారు. గోల్ఫ్‌లో మ్యాచ్ ఫీజు లేదు. నాలుగు రోజుల టోర్నీలో రెండు రోజులయ్యాక కట్ పడుతుంది. మన టూర్‌లో మొదటి 50 మంది, వాళ్లతో సమానంగా ఉన్నవాళ్లు మిగులుతారు. పీజీఏ టూర్‌లో ఆ అంకె మామూలుగా 65. మిగతావాళ్లు సంచి సర్దుకోవాల్సిందే. మాస్టర్స్ లాంటి పెద్ద టోర్నీల్లో కట్ తప్పిన ప్రొఫెషనల్స్‌కూ కొంత ఇస్తారు. మనకు అలాంటివేమీ లేవు.

కట్ అంటే ఏమిటో నాకు ఒక సాయంత్రం బాగా అర్థమైంది. రెండో రోజు, 18వ గ్రీన్ (హోల్ చుట్టూ గడ్డి నున్నగా కోసి ఉంచే చోటు). నాలుగడుగుల పట్, వాలు కిందికి, కొద్దిగా కుడికి తిరుగుతుంది. అది పడితే కట్ లోపల ఉంటాను, పడకపోతే ఇంటికే. మా క్యాడీ (బ్యాగు మోస్తూ సలహా చెప్పే మనిషి) కూర్చుని చూసి, "ఎడమ అంచు లోపల పెట్టండి సార్, మెల్లగా" అన్నాడు. సరిగ్గా అక్కడే పెట్టాను. బంతి అంచు మీద తిరిగి, లోపలికి తొంగి చూసి, బయటికొచ్చి ఆగింది. క్యాడీ జెండా కర్ర తిరిగి హోల్లో పెట్టి, నా మొహం చూడకుండా బ్యాగు భుజానికేసుకున్నాడు. నాకు చెక్కు లేదంటే అతనికి పర్సెంటేజీ కూడా లేదని అతనికి తెలుసు.

ఆ రాత్రి లాడ్జిలో నోటుబుక్కు తీశాను. రైలు టికెట్లు, ఎంట్రీ ఫీజు, ఇద్దరం కలిసి తీసుకున్న గదిలో నా సగం, తిండి, ఆటోలు, క్యాడీకి వారం కూలీ. అన్నీ ఖర్చు వైపే. జమ వైపు గీత గీసి వదిలేశాను.

అపోహ: కెరీర్ సంపాదన అంటే చేతికొచ్చిన డబ్బు.

నెట్‌లో ఏ గోల్ఫర్ పేరు కొట్టినా కెరీర్ ఎర్నింగ్స్ అని ఒక అంకె వస్తుంది. అది గెలుచుకున్న ప్రైజ్ మనీ మొత్తం, అంతే. అందులో ఖర్చులు తీసేయరు, పన్ను తీసేయరు. క్యాడీ వాటాకు అమెరికాలో వాడుకలో ఉన్న లెక్క గెలిస్తే 10 శాతం, టాప్ టెన్‌లో ఉంటే 7, మామూలుగా కట్ దాటితే 5. వారం కూలీ దీనికి వేరు. విదేశాల్లో గెలిస్తే ఆ దేశమే ముందు పన్ను కోసుకుంటుంది. అమెరికాలో బయటి దేశం ఆటగాడికి 30 శాతం పట్టుకుంటారు, ఇక్కడ రిటర్న్ వేసేటప్పుడు దాన్ని చూపించి సర్దుబాటు చేసుకోవాలి. కాబట్టి ఆ అంకెను దుకాణం ఏడాది అమ్మకాల్లా చూడండి, లాభంలా కాదు.

స్పాన్సర్ల డబ్బు మాత్రం ఆ అంకెలో ఉండదు. టోపీ మీద లోగో ఉన్నవాడికి అది వేరే ఆదాయం. లేనివాడి టోపీ ఉత్త టోపీయే.

అపోహ: ఎక్కువ డబ్బు గెలిచినవాడే గొప్ప ఆటగాడు.

అమెరికా గోల్ఫ్ దిగ్గజం జాక్ నిక్లాస్ 18 మేజర్లు (ఏడాదికి నాలుగే జరిగే అతిపెద్ద టోర్నీలు), పీజీఏ టూర్‌లో 73 టైటిళ్లు గెలిచాడు. ఆ టూర్‌లో ఆయన జీవితకాల ప్రైజ్ మనీ సుమారు 57 లక్షల డాలర్లు. మన తెలుగు కుటుంబంలో పుట్టిన కాలిఫోర్నియా కుర్రాడు సాహిత్ తీగల 2024 టూర్ ఛాంపియన్‌షిప్‌లో మూడో స్థానంలో నిలిస్తే వచ్చింది 75 లక్షల డాలర్లు. బోనస్ కాబట్టి అది అధికారిక మనీ లిస్టులో చేరలేదు, అది వేరే సంగతి. నిక్లాస్ కంటే తీగల గొప్ప అని తీగలే ఒప్పుకోడు. డాలర్ విలువ మారింది, టీవీ హక్కుల డబ్బు వచ్చి పడింది. వేరువేరు కాలాల ఆటగాళ్లను డబ్బుతో తూచకూడదు.

తీగల పేరు వచ్చింది కాబట్టి ఇంకో మాట. అదే టోర్నీ మూడో రోజు బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, బ్యాట్ వెనక్కి తీసేటప్పుడు (మా నాన్న చనిపోయేదాకా క్లబ్‌ను బ్యాట్ అనే అనేవారు, నాకూ అదే నోటికొస్తుంది) ఇసుక కదిలిందేమోనని అతనికే అనుమానం వచ్చింది. అలా కదిలితే తప్పు. తనే అఫీషియల్‌ను పిలిచి చెప్పి, రెండు షాట్ల పెనాల్టీ వేయించుకున్నాడు. చివరికి రెండో స్థానం సరిగ్గా రెండు షాట్ల తేడాతో పోయింది. ఆ రెండూ లేకపోతే రెండో స్థానానికిచ్చే 125 లక్షలు, మూడో స్థానానికిచ్చే 75 లక్షలు కలిపి, రెండో స్థానంలో ఉన్నవాడూ అతనూ చెరి కోటి డాలర్లు పంచుకునేవారు. అంటే ఆ ఇసుక ఖరీదు 25 లక్షల డాలర్లు, మన డబ్బులో 21 కోట్ల దాకా.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల ఆట, ఆడేవాళ్లంతా డబ్బున్నవాళ్లే.

క్లబ్ మెంబర్ల సంగతి వేరు, ఆడి బతికేవాళ్ల సంగతి వేరు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైనవాడు. 1993లో మళ్లీ గెలిచాడు. ఎస్ఎస్‌పీ చౌరాసియా తండ్రి కోల్‌కతాలో రాయల్ కలకత్తా క్లబ్ గ్రీన్‌కీపర్, అంటే మైదానం గడ్డి చూసుకునే మనిషి. కోచ్ లేకుండా చూసి చూసి నేర్చుకున్నాడు. 2016, 2017లో వరసగా రెండుసార్లు ఇండియన్ ఓపెన్ కొట్టాడు. గ్రీన్ చుట్టుపక్కల అతని చేతివాటం చూసి తోటివాళ్లు చిప్ (గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న దెబ్బ), పట్, చౌరాసియా కలిపి 'చిప్‌పట్సియా' అని పేరు పెట్టారు. పొద్దున్నే గడ్డి కోసేవాళ్లు గోల్ఫ్ మైదానంలోకి దిగేలోపు ప్రాక్టీసు చేసుకున్నవాళ్లు మాలో చాలామంది.

అపోహ: నలభై దాటితే గోల్ఫర్ పని అయిపోయినట్టే.

దూరం తగ్గుతుంది, నిజమే. నా డ్రైవ్ (దూరానికి కొట్టే మొదటి దెబ్బ) ఇప్పుడు నా స్టూడెంట్ల బంతి కంటే చాలా వెనక ఆగుతుంది. కానీ స్కోరు కట్టేది గ్రీన్ దగ్గర. మన జీవ్ మిల్ఖా సింగ్ 40 ఏళ్ల వయసులో 2012 స్కాటిష్ ఓపెన్‌ను ప్లేఆఫ్‌లో (స్కోరు సమానమైతే ఆడే అదనపు ఆటలో) గెలిచి, దాంతోనే మరుసటి వారం బ్రిటిష్ ఓపెన్‌లో చోటు సంపాదించాడు. జర్మనీ బెర్న్‌హార్డ్ లాంగర్ 50 దాటినవాళ్ల ఛాంపియన్స్ టూర్‌లో 47 టైటిళ్లు గెలిచాడు. 2024 ఫిబ్రవరిలో మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు లాంటిది) తెగింది, అదీ పికిల్‌బాల్ అనే రాకెట్ ఆట ఆడుతూ. నవంబర్‌లో, 67 ఏళ్ల వయసులో, 47వది గెలిచాడు.

నాకు మాత్రం ఇండోర్ దగ్గరి మహూకు చెందిన ముకేశ్ కుమార్ అంటే ఎక్కువ ఇష్టం. దేశంలో వందకు పైగా టైటిళ్లు గెలిచినా, ఏషియన్ టూర్‌లో మాత్రం 50 దాటేదాకా ఒక్కటీ దక్కలేదు. 2016 డిసెంబర్‌లో ఢిల్లీలో ఆ టూర్‌దే పానసోనిక్ ఓపెన్ గెలిచాడు, 51 ఏళ్ల వయసులో. ఆ టూర్‌లో అంత వయసులో మొదటి టైటిల్ గెలిచినవాళ్లు అంతకుముందు లేరు. చెక్కు 72,000 డాలర్లు, అప్పటి లెక్కలో దాదాపు 49 లక్షలు. అన్నేళ్లు చిన్న చిన్న పర్సుల్లో ఆడిన మనిషికి ఆ ఒక్క వారం ఏమిటో ఏ కెరీర్ ఎర్నింగ్స్ పేజీలోనూ కనిపించదు.

వచ్చే ఏడాది నాకు 50 నిండుతాయి, సీనియర్ల టోర్నీలకు అర్హత వస్తుంది. మొన్న పాత పటర్‌కు (పట్ కొట్టే క్లబ్‌కు) గ్రిప్ మార్పించాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు.